కీళ్లవాతం ఎవరి వైపు నుంచి వచ్చింది?

ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పొల్లు పోకుండా ఒకటే. వాళ్లలో ఒకరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే కీళ్లవాతం) వస్తే రెండోవారికీ వచ్చి తీరాలి కదా అనిపిస్తుంది. బ్రిటన్‌లో అలాంటి కవలలను వెతికి పట్టుకుని చూసిన పరిశోధన 1993లో వెలువడింది. ఇద్దరికీ జబ్బున్న జంటలు నూటికి 15 మాత్రమే తేలాయి. మిగతా 85 జంటల్లో ఒకరి వేళ్లు వాచి వంకర పోతున్నా రెండోవారికి ఆ జబ్బు లేదు.

ఈ ఒక్క లెక్క తెలిస్తే మన ఇళ్లలో చాలా తగువులు సగంలోనే ఆగిపోతాయి. విశాఖలో కీళ్ల డాక్టరు గది బయట కూర్చున్నవాళ్ల మాటలు కాసేపు వినండి. "మా వైపు ఎవరికీ లేదండీ, వాళ్లమ్మగారికే ఉండేదట" అంటుంది అత్తగారు. "మేనరికం కదా, అందుకే" అని ఎదురు కుర్చీలో ఉన్నావిడ తీర్పు చెప్పేస్తుంది. "అమ్మకి ఉంది కాబట్టి నాకూ వస్తుందా?" అన్నది కూతురి టెన్షన్. జబ్బున్నవాళ్లలో ఆడవాళ్లు మగవాళ్లకు రెండు మూడు రెట్లు కాబట్టి ఈ ఆరాలన్నీ చివరికి ఎవరో ఒక కోడలి పుట్టింటి మీదికే పోతాయి. ముగ్గురి మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: ఆ జన్యువు ఉంటే జబ్బు వస్తుంది, లేకపోతే రాదు.

కొన్ని జబ్బుల విషయంలో ఆ నమ్మకం నిజమే. విశాఖ నుంచి ఘాట్ రోడ్డెక్కి పాడేరు, అరకు వైపు వెళ్తే గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ తయారు చేసే ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం దానికి మూలం. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే జబ్బు, ఒకరి నుంచే వస్తే వాహకులు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. లెక్క ఇంత ఖచ్చితం కాబట్టే పెళ్లికి ముందు పరీక్ష చేయించుకోమని చెప్పడంలో అర్థముంది.

రుమటాయిడ్‌కు అలాంటి లెక్క లేదు. ఇప్పటిదాకా దీనితో సంబంధం ఉందని తేలిన చోట్లు మన జన్యురాశిలో వందకు పైనే. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం లక్ష మందికి పైగా డీఎన్‌ఏ చూసి 101 చోట్లు గుర్తించింది. 2022 నాటికి అవి 124 అయ్యాయి. వీటిలో చాలావాటి ప్రభావం ఎంత అంటే, ఆ మార్పు ఉన్నవాళ్లకు ముప్పు లేనివాళ్లకంటే పదో, ఇరవయ్యో శాతం ఎక్కువ. ఇవన్నీ అమ్మ వైపు నుంచి కొన్ని, నాన్న వైపు నుంచి కొన్ని, జబ్బు ఛాయలే లేని తాతల నుంచి కొన్ని వస్తాయి. "ఎవరి వైపు నుంచి" అన్న ప్రశ్నకు నిజాయతీ గల జవాబు "రెండు వైపుల నుంచీ" అనే. వియ్యపురాళ్లకు ఇది రుచించకపోవచ్చు.

అయితే రుమటాయిడ్‌లో 60 శాతం వారసత్వమే అని డాక్టర్లు రాస్తారు కదా, అది అబద్ధమా? కాదు. దాన్ని మనం చదివే తీరులోనే తేడా ఉంది. నా జబ్బులో 60 పాళ్లు అమ్మానాన్నల వల్ల, 40 పాళ్లు తిండి వల్ల అని దానర్థం కాదు. ఒక జనాభాలో కొందరికి ముప్పు ఎక్కువ, కొందరికి తక్కువ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని జన్యువుల తేడాలతో వివరించగలం అన్నదే ఆ అంకె. బ్రిటన్ కవలల లెక్కనే మళ్లీ చూడండి. ఒకే అండం కవలల్లో 15 శాతం జంటలకు ఇద్దరికీ వచ్చింది. వేర్వేరు అండాల కవలల్లో అది 3.6 శాతమే. రెండు రకాల జంటలూ ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగినవే. ఆ నాలుగు రెట్ల తేడా జన్యువుల బలాన్ని చూపిస్తుంది. మిగిలిన 85 జంటలు ఆ బలానికి ఉన్న హద్దు చూపిస్తాయి.

కూతురి ప్రశ్నకు అంకెల్లోనే జవాబు చెప్పుకుందాం. ఢిల్లీ సమీపంలోని గ్రామాల్లో చేసి 1993లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో ఈ జబ్బు 0.75 శాతం, అంటే వెయ్యి మందిలో ఏడెనిమిది మందికి. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లవుతుందని స్వీడన్ జాతీయ రిజిస్టర్లు చెబుతున్నాయి. రెండూ కలిపి చూస్తే వెయ్యి మంది కూతుళ్లలో ఇరవై పైచిలుకు మందికి రావచ్చు. 970 మందికి పైగా రాదు. "మూడు రెట్లు" అని మాత్రం చెప్పి ఊరుకునే యూట్యూబ్ వీడియోల మీద నాకు మంటెత్తేది ఇందుకే.

వందకు పైగా ఉన్న ఆ చోట్లలో ఒకటి మాత్రం మిగతావాటిని మించిపోతుంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. మనిషికీ మనిషికీ ఇంతగా తేడాలుండే చోటు జన్యురాశిలో ఇంకోటి లేదు. కిడ్నీ మార్పిడికి ముందు మ్యాచింగ్ చూసేది ఇక్కడే. ఆ గుంపులో డీఆర్‌బీ1 అనే జన్యువు తయారు చేసే ప్రోటీన్ కొన్ని రోగనిరోధక కణాల పైపొర మీద నిలబడి ఉంటుంది. దాని పని, కణం లోపల ముక్కలైన ప్రోటీన్ తునకలను పట్టుకుని టి-కణాలకు, అంటే పరాయిదాన్ని గుర్తుపట్టే తెల్లరక్తకణాలకు, చూపించడం. దాని పైభాగం ఆకుదొన్నెలా మధ్యలో గుంటపడి ఉంటుంది. తునక ఆ గుంటలో కుదురుకుంటేనే టి-కణం దాన్ని చూడగలదు. చూసి, మనదేలే అనుకుంటే వదిలేస్తుంది, పరాయిది అనుకుంటే యుద్ధానికి పిలుపిస్తుంది. ఏ తునక కుదురుకుంటుంది, ఏది జారిపోతుంది అన్నది ఎవరికి వచ్చిన డీఆర్‌బీ1 రకాన్ని బట్టి వాళ్లకుంటుంది.

డల్లాస్‌లో పనిచేసే పీటర్ స్టాస్ట్నీ 1978లో ఒక విషయం బయటపెట్టాడు. ఆయన చూసిన రుమటాయిడ్ రోగుల్లో సుమారు 70 శాతం మందికి ఆ ప్రోటీన్‌లో డీఆర్4 అనే రకం ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది 28 శాతం మందికే ఉంది. అందరూ మొదటి అంకెను పట్టుకున్నారు, కానీ నన్నడిగితే రెండోదీ అంత ముఖ్యమైనదే. ఏ జబ్బూ లేని జనంలో నాలుగో వంతుకు మించి ఆ రకాన్ని మోస్తూ తిరుగుతున్నారు.

తర్వాత చిక్కొచ్చింది. కొన్ని దేశాల రోగుల్లో డీఆర్4 బదులు డీఆర్1, ఇంకొన్ని చోట్ల డీఆర్10 కనిపించాయి. పేర్లు వేరు, జబ్బు ఒకటే. ఈ ముడి 1987లో గ్రెగర్సన్, సిల్వర్, విన్‌చెస్టర్ విప్పారు. ఈ రకాలన్నిటి ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి చూస్తే 70 నుంచి 74 దాకా ఉన్న ఐదు స్థానాల్లో అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ అనే గొలుసులోని పూసలు) దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒక రకంలో గ్లుటమిన్, లైసిన్, ఆర్జినిన్, అలనిన్, అలనిన్. ఇంకో రకంలో మూడు ఆర్జినిన్లు, రెండు అలనిన్లు. పేరు ఏదైనా గుంట గోడ మీద ఆ ముక్క మాత్రం ఉమ్మడిది. అందుకే దాన్ని షేర్డ్ ఎపిటోప్ అన్నారు. 2012లో ఇంకా నిశితంగా లెక్క తీస్తే 11, 71, 74 స్థానాల పాత్ర ఎక్కువని తేలింది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. లైసిన్, ఆర్జినిన్ రెండూ ధనావేశం ఉన్నవి. కాబట్టి గుంటలో ఆ మూల ప్లస్ గుర్తుతో ఉంటుంది. మన శరీరంలోని మామూలు ప్రోటీన్ తునకలో ఆ మూలకు ఆర్జినిన్ వస్తే, అదీ ప్లస్సే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, తునక సరిగా కుదరదు. కానీ వాపు ఉన్నచోట పీఏడీ అనే ఎంజైములు ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చేస్తాయి. సిట్రులిన్‌కు ఆవేశం లేదు. ఇప్పుడు అదే తునక చక్కగా కూర్చుంటుంది, టి-కణానికి కనిపిస్తుంది. మన సొంత ప్రోటీనే చిన్న మార్పుతో పరాయిదానిలా కనపడి, దాని మీద యాంటీబాడీలు తయారవుతాయి. ల్యాబ్ రిపోర్టులో "యాంటీ సీసీపీ" అని కనిపించేది వీటి కొలతే. ఆ ఎంజైముల్లో ఒకటైన పీఏడీఐ4 జన్యువులోని తేడాలకూ రుమటాయిడ్‌కూ సంబంధం ఉందని 2003లో జపాన్ పరిశోధకులు చూపించారు. గుంట ఒక జన్యువుది, తునకను మార్చే చెయ్యి ఇంకో జన్యువుది అన్నమాట.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. యాంటీ సీసీపీ పాజిటివ్ ఉన్న రుమటాయిడ్‌లో వారసత్వం పాలు సుమారు 50 శాతమైతే, నెగటివ్ ఉన్నదాంట్లో 20 శాతం దగ్గరే అని స్వీడన్ లెక్క. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటినీ వేర్వేరు జబ్బులుగా చూసే డాక్టర్లు ఉన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

మన దగ్గరికొద్దాం. భారతీయ రోగుల్లో డీఆర్4తో పాటు డీఆర్‌బీ1లోని 10:01 రకానికి (పైన చెప్పిన డీఆర్10) కూడా చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. మూడు ఆర్జినిన్ల ముక్క దానిదే. యూరప్‌లో హెచ్‌ఎల్‌ఏ తర్వాత పెద్ద జన్యువుగా 2004 నుంచి పేరున్న పీటీపీఎన్22 సంగతి వేరు. అందులోని అపాయకరమైన మార్పు తూర్పు ఆసియాలో దాదాపు లేదు, మన దేశంలో చాలా అరుదు. మరోవైపు, ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉత్తర భారతీయుల జన్యురాశి మొత్తం వెతికినప్పుడు, 2013లో, ఏఆర్‌ఎల్15 అనే కొత్త జన్యువు పేరు బయటికొచ్చింది.

అమెరికాలో ఉన్న కొడుకు పంపిన డీఎన్‌ఏ కిట్‌తో ఉమ్మి పరీక్ష చేయించుకుని, "రుమటాయిడ్ రిస్క్ తక్కువ" అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండే పెద్దలు విశాఖ ఎంవీపీ కాలనీలోనూ ఉంటారు, సీతమ్మధారలోనూ ఉంటారు. ఇలాంటి స్కోర్లు ఎక్కువగా యూరప్ జనాల డేటా మీద కట్టినవి. వేరే జనాల మీద వాటి అంచనా బలహీనపడుతుంది. తెలుగువాళ్ల జన్యువులు అసలు లెక్కలోకి రాలేదని కాదు. 2015లో పూర్తయిన వెయ్యి జన్యురాశుల ప్రాజెక్టులో "ఐటీయూ" అనే కోడ్‌తో ఒక గుంపుంది, వాళ్లు బ్రిటన్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లే. కాకపోతే వంద మంది నమూనాలతో ఒక జనంలో ఏయే రకాలున్నాయో తెలుస్తుంది గానీ, జబ్బుతో సంబంధం తేలాలంటే వేలమంది రోగులు కావాలి. జీనోమ్ ఇండియా అనే ప్రాజెక్టు పదివేల మంది భారతీయుల జన్యురాశులను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. పోల్చి చూడటానికి అది మంచి పునాది.

ఇక మేనరికం. ఉత్తరాంధ్రలో దీని మీద నిందలకు కొదవలేదు. వాటిలో కొన్ని న్యాయమైనవే. మేనమామ, మేనకోడలు పెళ్లయితే బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్లయితే పదహారింట ఒకటి. ఇది సికిల్ సెల్, తలసీమియా లాంటి ఒంటి జన్యువు జబ్బులకు తలుపు తీస్తుంది. రుమటాయిడ్‌లో షేర్డ్ ఎపిటోప్ రెండు ప్రతులుంటే ఒక్కటి ఉన్నదానికంటే ముప్పు ఎక్కువే. కానీ అది సమాజంలో ఇంత మామూలుగా ఉన్న రకం కాబట్టి ఏ చుట్టరికమూ లేని దంపతుల పిల్లలకూ రెండు ప్రతులు వస్తుంటాయి. మేనరికం వద్దనడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, కీళ్లవాతాన్ని వాటిలో కలపనక్కర్లేదు.

జన్యువుల మీద ఇంత చర్చ జరిగే ఇళ్లలో పొగ సంగతి ఎవరూ ఎత్తరు. జన్యువుకు తోడై జబ్బును పైకి లాగే బయటి కారణాల్లో పొగాకుకే గట్టి రుజువుంది. షేర్డ్ ఎపిటోప్ రెండు ప్రతులూ ఉండి పొగ తాగేవాళ్లకు, ఆ రకమూ పొగ అలవాటూ రెండూ లేనివాళ్లతో పోలిస్తే యాంటీ సీసీపీ పాజిటివ్ రుమటాయిడ్ ముప్పు 21 రెట్లు అని 2006లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. పొగ వల్ల ఊపిరితిత్తుల్లో ఆర్జినిన్ సిట్రులిన్‌గా మారడం పెరుగుతుంది. ఆ గుంటకు తగిన తునక అక్కడే తయారవుతోంది. జబ్బు మోకాళ్లలోనో వేళ్లలోనో కాకుండా ఛాతీలో మొదలవుతుందన్న ఆలోచన ఇప్పుడు బలంగా ఉంది. చిగుళ్ల వ్యాధి మీద కూడా అనుమానం ఉంది. అందులో కనిపించే పార్ఫిరోమొనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు సొంతంగా ఒక పీఏడీ ఎంజైము ఉంది.

విశాఖ, శ్రీకాకుళం తీరంలో మత్స్యకార కుటుంబాల్లో, పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం వైద్య గ్రంథాలకెక్కిన సంగతి. ఇలా కాల్చే అడ్డపొగ అంటే డాక్టర్లకు అంగిలి క్యాన్సర్ గుర్తొస్తుంది, రావాలి కూడా. కానీ వేళ్లు వాచిన కూతురిని తీసుకుని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు వచ్చిన అమ్మమ్మ చేతిలో చుట్ట ఉంటే అక్కడ కీళ్ల మాట కూడా రావాలి. మన దగ్గర ఆడవాళ్లు పొగ తాగరు కదా అని ఆ ప్రశ్నే అడగకుండా వదిలేయడం ఈ తీరంలో కుదరదు.

మరి విశాఖ పోర్టు బొగ్గు ధూళి? పాతనగరం వాళ్ల పాత ఫిర్యాదు అది, ఊపిరితిత్తుల కోసమైనా దాన్ని పట్టించుకోవాలి. కీళ్లవాతం విషయంలో గట్టి ఆధారం ఉన్నది మాత్రం పనిచేసే చోట పీల్చే సిలికా ధూళికి. రాయి కొట్టే చోట్లు, క్వారీలు, ఇసుకతో తుప్పు వదిలించే పనులు దానికి నిలయాలు. వేల్స్ బొగ్గు గని కార్మికుల్లో రుమటాయిడ్ ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గడ్డలు కనిపిస్తున్నాయని 1953లోనే ఆంథొనీ కాప్లాన్ రాశాడు. అరుగు మీద పేరుకునే దుమ్ముకూ, రోజుకు ఎనిమిది గంటలు మాస్కు లేకుండా పీల్చే దుమ్ముకూ చాలా తేడా ఉంది.

పరీక్షల దగ్గర గందరగోళం ఇంకో రకం. ల్యాబులు "ఆర్థరైటిస్ ప్రొఫైల్" అని ప్యాకేజీలు అమ్ముతాయి. రిపోర్టులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (ఇంకో రకం యాంటీబాడీ) ఎదురుగా నల్లటి పెద్ద అక్షరాల్లో పాజిటివ్ అని కనిపించగానే ఇంట్లో ఏడుపు మొదలు. నిజానికి అది వయసు పైబడిన ఆరోగ్యవంతుల్లోనూ, హెపటైటిస్ సి లాంటి ఇన్‌ఫెక్షన్లలోనూ పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ దానికంటే నమ్మదగినది. ఇక హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే పరీక్ష పేరులో హెచ్‌ఎల్‌ఏ ఉంది కదా అని రుమటాయిడ్ జన్యు పరీక్ష అనుకుంటారు. అది వెన్నెముక బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ కోసం. డీఆర్‌బీ1 రకం చూసే పరీక్ష ఉంది గానీ రుమటాయిడ్ ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు దాన్ని అడగరు. ఆరోగ్యవంతుల్లో అంతమందికి ఉండే రకం మీకూ ఉందని తెలిసి చేసేదేముంది? చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి ఉండే కీళ్ల వాపు కూడా అచ్చం దీనిలాగే కనిపిస్తుంది. కాబట్టి జ్వరం వచ్చిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

జన్యువులు జోస్యానికి పనికిరాకపోయినా మందులకు పనికొచ్చాయి. ఆ 2014 అధ్యయనం గుర్తించిన చోట్లలో వాపును రేపే ఐఎల్6 అనే ప్రోటీన్ గ్రాహకానికి చెందినది ఉంది, దాన్ని అడ్డుకునే మందు టోసిలిజుమాబ్. టి-కణాల జోరుకు కళ్లెం వేసే సీటీఎల్‌ఏ4 ఉంది, ఆ దారిలోనే పనిచేసేది అబటాసెప్ట్. ఈ రెండో మందును జబ్బు రాకముందే ఏడాది పాటు ఇచ్చి చూసిన ఫలితాలు 2024లో లాన్సెట్‌లో వచ్చాయి. మందు ఇచ్చినంతకాలం జబ్బు మొదలైనవాళ్లు బాగా తగ్గారు, ఆపాక ఆ ప్రయోజనం మెల్లగా కరిగింది. అందులోకి మనుషులను ఎలా ఎంచుకున్నారో చూడండి: కీళ్ల నొప్పి ఉండి, యాంటీ సీసీపీ లాంటి యాంటీబాడీలు పాజిటివ్ ఉన్నవాళ్లను. ఆ యాంటీబాడీలు వాపు కంటే ఏళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయని డచ్ రక్తదాతల పాత నమూనాలు చూసి 2004లోనే చెప్పారు.

కాబట్టి అమ్మకు జబ్బున్న కూతురు జన్యు పరీక్షకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఉదయం లేచాక అరగంట, గంట దాటినా వేళ్లు విప్పుకోకపోతే, జడ వేసుకోవడానికి, చీర కుచ్చిళ్లు పట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోతే, వేళ్ల కణుపులు గానీ మణికట్టు గానీ వాచి కొన్ని వారాలైనా తగ్గకపోతే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, యాంటీ సీసీపీ చూపించుకోవాలి. ఎముక అరిగాక వేసే మందుకూ అరగకముందు వేసే మందుకూ ఫలితంలో చాలా తేడా.

ఆ మందుల్లో మొదటిది ఇప్పటికీ మెథోట్రెక్సేటే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లం మీద చేసిన పనిలోంచి పుట్టిన మందుల కుటుంబం అది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకు జబ్బు పాకుతుందేమోనని భయపడే దంపతులు జన్యువుల గురించి పదిసార్లు అడుగుతారు గానీ ఈ మాత్ర గురించి అడగరు. పైన చూసిన వెయ్యిలో ఇరవై పైచిలుకు లెక్కతో పిల్లల్ని వద్దనుకోవాల్సిన పని లేదు. గర్భంలో బిడ్డకు నేరుగా హాని చేసేది మెథోట్రెక్సేట్. పిల్లల కోసం ప్రయత్నించే ముందు, ఒకటి నుంచి మూడు నెలలు ముందుగానే, డాక్టరుతో మాట్లాడి దాన్ని ఆపి, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ లాంటి గర్భంలోనూ వాడదగ్గ మందులకు మారాలి.